గృహ సౌరవిద్యుత్తు: నమోదా, అనుమతియా?

ఎండ మన దేశమునకు కొఱతలేని యైశ్వర్యము. వేసవిలో దానిని నిందించుటయే కాని దానిని వినియోగించుకొనుట మనము చాలకాల మెఱుగము. ఆ స్థితి నేడు మాఱినది. కప్పుమీద పడెడి యెండను విద్యుత్తుగా మార్చుకొను సాధనములు పట్టణములయందును, గ్రామములయందును సామాన్యగృహస్థునకు సయిత మందుబాటునకు వచ్చినవి. సాధనము వచ్చినది, ధనసాహాయ్యము వచ్చినది, చట్టమును వచ్చినది. అయినను మేడపై ఫలకములు నిలుపదలచినవాడు విద్యుత్పంపిణీ సంస్థవారి పుస్తకములలో తన సాధనమును నమోదు చేయించుకొనుటకు పడుచున్న ప్రయాస మాత్రము తగ్గలేదు. ఈ నమోదు ఏల యవసరమో, అది యెట్లు జరుగవలెనో, ఎట్లు జరుగరాదో పాఠకుల యాలోచనకు తెచ్చుట మా యుద్దేశము.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు ‘ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన’ యను పేర నొక పథకమును ప్రారంభించిరి. 75,021 కోట్ల రూపాయల వ్యయముతో కోటి యిండ్ల కప్పులపై సౌరసాధనములు నెలకొల్పుట దాని లక్ష్యము. ఒక కిలోవాటు సాధనమునకు 30,000 రూపాయలును, రెండు కిలోవాటులకు 60,000 రూపాయలును, మూడు కిలోవాటులకును అంతకు మించినవానికిని 78,000 రూపాయలును సాహాయ్యముగా నిర్ణయింపబడినవి. ఈ సాహాయ్యము కోరువారు స్వదేశమున తయారైన ఫలకములనే వాడవలె నన్న నియమము కలదు. అది మెచ్చదగిన నియమము. కిలోవాటు సాధనమునకు సుమారు 100 చదరపు అడుగుల కప్పు చాలును. అది మన యెండలో సగటున దినమునకు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. మూడు కిలోవాటుల సాధనము గల యిల్లు నెలకు 300 యూనిట్లకు తక్కువ గాకుండ తానే యుత్పత్తి చేసికొనగలదు. మధ్యతరగతి సంసారమునకు ఇంతకు మించి కావలసిన దరుదు.

2025 మార్చి నాటికి ఈ పథకము క్రింద పది లక్షల యిండ్లపై సాధనములు నెలకొన్నవని ప్రభుత్వమువారు ప్రకటించిరి. అప్పటికి వచ్చిన దరఖాస్తులు 47 లక్షలకు పైబడి యున్నవి. దరఖాస్తు పెట్టినవారిలో కొందఱు ధనము చాలకయు, కొందఱు మనసు మార్చుకొనియు ఆగిపోయి యుందురు; కొందఱి పని నడుమ నుండియుండును. కావున ఈ రెండంకెల నడుమ గల భేదమంతయు కచేరీల యాలస్యమే యని చెప్పుట న్యాయము గాదు. కాని యందు కచేరీల పాలు లేశమును లేదని చెప్పుటకును ధైర్యము చాలదు.

మొదట మనవారిలో కొందఱడుగు ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. “కప్పు నాది, ధనము నాది, ఎండ యెవరిదియు కాదు. ఇక పంపిణీ సంస్థవారితో నాకేమి పని?” యని వీరందురు. సంస్థవారి తీగతో సంబంధము లేక, బ్యాటరీలతో తన యింటి దీపములు తానే వెలిగించుకొనువాని విషయములో ఈ మాట సరియైనదే. కాని యింటి సాధనమును వీథి తీగతో కలిపిన మఱుక్షణమున అది కేవల మాయింటి వ్యవహారముగా నుండదు. వీథిలోనివారందఱితో సంబంధము గల వ్యవహార మగును.

లైనుమాను స్తంభ మెక్కుటకు ముందు సరఫరా నిలుపుదల చేయింతురు. తీగలో ప్రవాహము లేదన్న నమ్మికతోనే యాతడు దానిపై చేయి వేయును. ఆ వీథిలో నొక్క యింటి సాధనము ప్రమాణమునకు లోబడనిదై, తన విద్యుత్తును వెనుకకు తీగలోనికి పంపుచుండెనేని ఆ నమ్మిక యతని ప్రాణమునకే ముప్పు తెచ్చును. ట్రాన్సుఫార్మరు ఉభయముఖమైన యంత్రము; ఇంటి తీగలోని స్వల్పశక్తి వెనుకకు మరలినచో అది దానిని 11,000 వోల్టుల తీగకు ఎక్కింపగలదు. ఇందువలననే కేంద్ర విద్యుత్ప్రాధికార సంస్థవారి 2013 నాటి నిబంధనలు, వీథిలో సరఫరా నిలిచిన 2 సెకండ్లలో ఇంటి సాధనము తీగలోనికి విద్యుత్తు పంపుట మానవలెనని శాసించుచున్నవి. ఇన్వర్టరునకు ఈ గుణము కలదో లేదో పరీక్షించుటకు భారతీయ ప్రమాణము 16169 కలదు. ధర తక్కువయని ప్రమాణములేని యిన్వర్టరును కొని, ఎవరికిని చెప్పక తీగకు తగిలించినవాడు పదివేల రూపాయలు మిగుల్చుకొన్నాననుకొనును. ఇతరుని ప్రాణము నొడ్డితినని యెఱుగడు.

ఈ సందర్భమున ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. కరెంటు పోయినను మీ యిల్లు వెలుగునని చెప్పి సాధనము లమ్ము వర్తకులు లేకపోలేదు. తీగతో కలిపిన, బ్యాటరీ లేని సాధనము సరఫరా నిలిచినపుడు మిట్టమధ్యాహ్నమునందైనను పనిచేయదు. అది లోపము గాదు. పైన చెప్పిన రక్షణయే యది. సరఫరా పోయినపుడును వెలుగు కావలసినవారు బ్యాటరీతో గూడినదానిని కొనవలెను. దాని వెల హెచ్చు. ఈ భేదమును కొనకముందే తెలిసికొనుట గృహస్థుని విధి, తెలియజెప్పుట వర్తకుని విధి.

రెండవ కారణము వోల్టేజికి సంబంధించినది. ఒక చిన్న ట్రాన్సుఫార్మరు క్రింద పదియిండ్లు సాధనములు పెట్టినచో మధ్యాహ్నము ఇండ్లలో వాడుక తక్కువగా నుండి, ఉత్పత్తి హెచ్చుగా నుండును. అప్పుడు తీగలోని వోల్టేజి పెరుగును. హద్దు మీఱినచో ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోవును. పొరుగువారి యుపకరణములకును హాని కలుగవచ్చును. ఏ స్తంభము క్రింద నెన్ని కిలోవాటులు చేరినవో సంస్థవారికి తెలియనిచో ట్రాన్సుఫార్మరును పెంచవలసిన యవసరమును తెలియదు. మూడవది మీటరు. పాత మీటర్లలో కొన్ని ప్రవాహము వచ్చుచున్నదో పోవుచున్నదో గుర్తింపవు; తీగకు మనమిచ్చిన యూనిట్లను సయితము మనము వాడుకొన్నట్లే లెక్కించును. రహస్యముగా తగిలించినవాడు తానిచ్చినదానికి తానే మూల్యము చెల్లించుకొనును. రాకయు పోకయు వేఱువేఱుగ లెక్కించు నెట్ మీటరు కావలెనన్న, సంస్థవారి పుస్తకములో పేరు చేరక తప్పదు.

కావున నమోదు వలదనువారి పక్షము మాది గాదు. నమోదు కావలసినదే. అయితే నమోదు రెండు విధములు. గ్రామములో శిశువు జననమైనపుడు తండ్రి పోయి జననపు రిజిస్టరులో వ్రాయించును. వ్రాయించుట యాతని విధి. వ్రాసికొనుట యధికారి విధి. శిశువు పుట్టవచ్చునా యని యధికారి విచారింపడు. తుపాకి యుంచుకొనగోరువాని సంగతి వేఱు. అతడు అర్జీ పెట్టుకొని, అధికారి దయకై వేచియుండవలెను. ఇంటి కప్పుపై మూడు కిలోవాటుల సౌరసాధనము పెట్టుకొనుట ఈ రెంటిలో దేనిని పోలినది? శిశుజననమును పోలినదని చట్టము చెప్పుచున్నది. తుపాకి లైసెన్సును పోలినదని కచేరీలు నడచుచున్నవి. వివాదమంతయు ఇంతలోనే యున్నది.

చట్టము చెప్పుచున్నదేమో చూతము. 1910 నాటి చట్టమును, 1948 నాటి చట్టమును రద్దుపఱచి 2003లో పార్లమెంటు చేసిన విద్యుచ్ఛట్టము విద్యుదుత్పత్తిని లైసెన్సు బంధమునుండి విడిపించినది. 2020 డిసెంబరు 31వ తేదీన కేంద్రప్రభుత్వమువారు విద్యుద్వినియోగదారుల హక్కుల నిబంధనలను ప్రకటించిరి. 2024 ఫిబ్రవరిలో వానిని సవరించి, 10 కిలోవాటుల వఱకు గల కప్పు సాధనములకు వచ్చిన దరఖాస్తులు సాంకేతిక పరిశీలనతో పని లేకయే అంగీకరింపబడినట్లు భావింపవలెనని నిర్ణయించిరి. ఒప్పుకొన్న లోడు చాలనిచో దానిని పెంచుట సంస్థవారి పని. 5 కిలోవాటుల లోపు సాధనముల కొఱకు తీగలను, ట్రాన్సుఫార్మరును బలపఱుపవలసివచ్చిన ఖర్చు సంస్థవారిదే. సాధనము అమర్చినట్లు ధ్రువపత్ర మిచ్చిన పిదప 15 దినములలో ఒడంబడిక, మీటరు, ప్రారంభము పూర్తికావలెను. పూర్వము దీనికి 30 దినములుండెను. అకారణముగ నాలస్యము చేసిన సంస్థ పరిహారము చెల్లింపవలెనన్న నియమము నా నిబంధనలలోనే కలదు. ఇంతకన్న స్పష్టముగ చెప్పుట కష్టము.

అట్లయిన చిక్కెక్కడ? నిబంధనలో ఒక చిన్న పదబంధము కలదు: దరఖాస్తు “అన్నివిధముల సంపూర్ణమై” యుండవలెనట. చట్టము ముందరి తలుపు తెఱచినది గాని, ఈ మాట దొడ్డితలుపున గడియగా మాఱినది. దరఖాస్తును నిరాకరించుట కధికారము లేదు. అసంపూర్ణమని త్రిప్పిపంపుటకు మాత్రము కలదు. ఒకసారి పన్ను రశీదు లేదని, మఱియొకసారి బొమ్మ స్పష్టముగ లేదని, మూడవసారి పేరులో నక్షరము భేదించినదని త్రిప్పిపంపినచో పదునైదు దినముల గడువు ఎన్నడును ప్రారంభమే కాదు. గడువు ప్రారంభము కానిచోట ఆలస్యమును లేదు, పరిహారమును లేదు.

పేరు విషయము మన ప్రాంతమున మిక్కిలి చిక్కైనది. సర్వీసు కనెక్షను ఎవరి పేరనున్నదో వారి పేరనే దరఖాస్తు ఉండవలెను. సాహాయ్యపు సొమ్ము పడెడి బ్యాంకు ఖాతాయు ఆ పేరుతో సరిపోవలెను. మన యిండ్లలో సర్వీసులు ఎవరి పేరనున్నవి? తాతపేర నున్నవి, కాలము చేసిన తండ్రిపేర నున్నవి, ఇల్లు అమ్మిపోయిన మునుపటి యజమానిపేర నున్నవి. అన్నదమ్ములు భాగములు పంచుకొందురు. పొలము పాసుపుస్తకములలో పేరులు మాఱును. కరెంటు బిల్లుమీద మాత్రము తండ్రిపేరే నిలిచియుండును. బిల్లు కట్టినంతకాలము ఆ పేరెవరిదని సంస్థవా రెన్నడును అడుగరు. చనిపోయినవాని పేర ఇరువదియేండ్లు సొమ్ము పుచ్చుకొనుటకు కనబడని దోషము, కప్పుపై ఫలకము పెట్టునపుడు కనబడును! అప్పుడు మరణధ్రువపత్రము కావలెను, వారసుల సమ్మతి కావలెను, హామీపత్రము కావలెను. అక్క హైదరాబాదులో, తమ్ముడు అమెరికాలో నుందురు. సమ్మతి సంపాదించునప్పటికి వేసవి గడచి వానకాలము వచ్చును.

పేరు మార్పు వలదని మేమనుట లేదు. ఆస్తివివాదములలో సంస్థ చిక్కుకొనకూడదన్న జాగ్రత్త న్యాయమే. కాని సాధనము నమోదగుట ఆస్తిహక్కునకు నిదర్శనము గాదని ఒక వాక్యము ఒడంబడికలో వ్రాసికొనినచో ఆ జాగ్రత్త నెఱవేఱును. అనుభవములో నున్నవాడు ఇంటిపన్ను రశీదు చూపి, పూచీపత్రము వ్రాసి యిచ్చినచో సాధనమును నమోదు చేసికొని, పేరు మార్పునకు ఆఱునెలల గడువిచ్చుటవలన సంస్థకు పోవునదేమి?

తరువాతిది తనిఖీయు మీటరును. ఫలకము లమర్చిన పిదప అధికారి వచ్చి చూచుట అవసరమే. నేలలోనికి ఎర్తింగు సరిగ నున్నదా, పిడుగు రక్షణ యున్నదా, ఇన్వర్టరు సంఖ్య కాగితముతో సరిపోవుచున్నదా యని చూడవలెను. కాని “మీటర్లు స్టాకులో లేవు” అను జవాబునకు అంతులేదు. మీటరు వచ్చువఱకు కప్పుమీది సాధనము ఎండ తినుచు నూరక పడియుండును. మూడు కిలోవాటుల సాధనము ఒక నెల యూరకుండిన 300 యూనిట్లకు పైగా నష్టము. బ్యాంకు ఋణము తెచ్చినవానికి వడ్డీ మాత్ర మాగదు. ఇట్టిచోటనే మధ్యవర్తి పుట్టును. దరఖాస్తును తానే చూచుకొందునని సాధన మమర్చిన వర్తకుడు చెప్పును; ఆ చూచుకొనుటలో నేమేమి యిమిడియున్నదో గృహస్థు డడుగడు, వర్తకుడు చెప్పడు. హక్కుగా రావలసినది మామూలుగా మాఱుట మన కచేరీలకు కొత్త గాదు.

సంస్థలలో పనిచేయువా రందఱును చెడ్డవారని మా భావము గాదు. దోషము వ్యక్తులలోకన్న ఏర్పాటులో నున్నది. విద్యుత్తు నమ్ము సంస్థయే, ఇకమీదట తనవద్ద తక్కువ కొనబోవు గృహస్థుని పేరు నమోదు చేయవలసియున్నది. కిరాణాకొట్టు యజమానిని పిలిచి, పెరటిలో కూరగాయలు వేసికొనువారి పట్టీ వ్రాయుమన్నచో అతడు ఉత్సాహముతో వ్రాయునా? ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను పంపిణీ సంస్థలు ప్రభుత్వమువారివే యైనను ఈ స్వభావము మాఱదు.

సంస్థల పక్షమున చెప్పదగిన న్యాయమైన మాట యొకటి కలదు. దానిని దాచుట ధర్మము గాదు. హెచ్చు యూనిట్లు వాడువారు హెచ్చు ధర చెల్లించుటవలననే కొంతవఱకు బీదల యిండ్లకు తక్కువధరకు సరఫరా జరుగుచున్నది. మేడలు గలవారు సౌరసాధనములు పెట్టుకొని తప్పుకొనినచో, కప్పులేని బీదవానిపై భారము పడదా? అంతేగాక సౌరగృహములు పగలు విద్యుత్తు నిచ్చి, దీపములు పెట్టువేళ తిరిగి సంస్థనే యాశ్రయించును. ఆ సాయంకాలపు రద్దీకై తీగలు, ఉపకేంద్రములు, యుత్పత్తికేంద్రములు సిద్ధముగ నుంచవలసినదే. ఈ యాక్షేపణలో సత్యము కలదు. తీగను వాడుకొనువాడు తీగకు న్యాయమైన మూల్యము చెల్లింపవలెను. బీదలకిచ్చు రాయితీ భారమును ప్రభుత్వము బహిరంగముగ తన బడ్జెటులో భరింపవలెను. ఇంటివద్దనే పుట్టి ఇంటివద్దనే ఖర్చగు యూనిటు దూరపు తీగలలోని నష్టమును తప్పించుచున్నదను మాటను ఆ లెక్కలో చేర్చవలెను. ఈ మూల్యమెంతయో నిర్ణయించుటకు విద్యుత్ నియంత్రణ మండలి కలదు. దానియెదుట బహిరంగ విచారణ కలదు. అచ్చట వాదింపవలసిన మాటను సెక్షను కచేరీలో దరఖాస్తును త్రొక్కిపట్టుటద్వారా సాధింపజూచుట తగదు. బీదల పేరుచెప్పి జరుగు ఆలస్యమువలన బీదల కొక యూనిటైనను చేరదు.

ఇతరదేశములవారు ఈ చిక్కును విప్పుకొన్న తీరు చూడదగినది. బ్రిటనులో ఒక ఫేజునకు 16 ఆంపియర్లు, అనగా 3.68 కిలోవాటుల వఱకు ప్రమాణము గల సాధనమును ముందుగ పెట్టుకొని, ప్రారంభించిన 28 దినములలో పంపిణీ సంస్థకు తెలియజేసిన చాలును. జర్మనీలో 800 వాట్ల యిన్వర్టరు గల బాల్కనీ సాధనములను కేంద్రరిజిస్టరులో గృహస్థుడే నమోదు చేసికొనును. పంపిణీ సంస్థకు వేఱుగ తెలుపవలసిన పనిని 2024లో తొలగించిరి. అచ్చటి తీగలు, మీటర్లు మనవానికన్న మేలైనవి కావచ్చును. అయినను ఇందలి సూత్రము మనకును వర్తించును: ప్రమాణమును యంత్రముపై కఠినముగ విధించి, మనుష్యునిపై బంధమును సడలించుట. మనము దీనికి విపరీతముగ, యంత్రమును చూచీచూడనట్లు విడిచి మనుష్యుని త్రిప్పుచున్నాము. మన దేశమునందే ఈ పథకములో గుజరాతు అగ్రస్థానమున నున్నది. అచ్చటి సూర్యునకు మన సూర్యునికన్న తేజస్సు హెచ్చని యెవ్వరు ననజాలరు.

కావున ప్రభుత్వములవారికిని, నియంత్రణ మండలులవారికిని మా మనవి యిది. 10 కిలోవాటుల లోపు సాధనమునకు దరఖాస్తు చేరిన దినముననే తేదీతో రశీదు ఈయవలెను. లోపములున్నచో మూడు దినములలో నన్నిటిని ఒకేసారి వ్రాతమూలముగ తెలుపవలెను. రెండవమాఱు కొత్త లోపము వెదకుట కవకాశ ముండరాదు. అనుభవదారునకు పూచీపత్రముపై నమోదు దొరకవలెను. సంస్థవద్ద మీటరు లేనిచో పరీక్షింపబడిన మీటరును గృహస్థుడే కొనితెచ్చుకొను హక్కు నిరాటంకముగ నుండవలెను. ఆలస్యమునకు పరిహారము ఎవరును అడుగకయే మఱుసటి బిల్లులో తగ్గింపబడవలెను. అడిగినవానికే యిచ్చు పరిహారము పరిహారము గాదు. ప్రతి సెక్షను కచేరీలోను వచ్చిన దరఖాస్తులు, వాని తేదీలు, పరిష్కరించిన తేదీలు తెలుగులో వ్రాసి గోడపై పెట్టవలెను. వెలుగు పంచు సంస్థ తన పనిని వెలుగులో చేయుటకు సంకోచింప నవసరము లేదు.

ఇక గృహస్థుల విధి. ప్రమాణమున్న యిన్వర్టరునే కొనుడు. నమోదైన వర్తకునిచేతనే పెట్టింపుడు. ఫలకముల సంఖ్యలు, ఇన్వర్టరు సంఖ్య, ధ్రువపత్రములు మీయొద్ద భద్రపఱచుకొనుడు. ఫలకములు కొనకముందే బిల్లుమీది పేరు సరిచూచుకొనుడు. అది తండ్రిపేర నున్నచో నేడే మార్చుకొనుటకు పూనుకొనుడు. తొందరపడి రహస్యముగ తీగకు తగిలింపకుడు. ఆలస్యమైనచో మధ్యవర్తిని వెదకక వ్రాతమూలముగ నడుగుడు. జవాబు రానిచో 2003 చట్టము ప్రకార మేర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక కలదు. దానిపై విద్యుత్ అంబుడ్స్‌మన్ కలడు. అచ్చటికి న్యాయవాది లేకయే పోవచ్చును. ఒక్కొక్కని ఫిర్యాదు చిన్నదిగ దోచును; ఒక్క తాలూకాలో వంద ఫిర్యాదులు చేరినచో కచేరీ నడవడి మాఱక తప్పదు.

విద్యుత్తు మన యిండ్లకు వచ్చిననాటినుండి మనము కొనువారముగనే యుంటిమి. ఇచ్చినపుడు పుచ్చుకొంటిమి, పోయినపుడు విసనకఱ్ఱ పట్టుకొంటిమి. తనకు కావలసినదానిని తానుత్పత్తి చేసికొని, మిగిలినది పొరుగువాని కియ్యగల స్థితి యిప్పుడు ప్రతి గృహస్థునకును సిద్ధించుచున్నది. ఇది కొన్ని రూపాయల బిల్లు తగ్గుటకన్న పెద్దసంగతి. ఇట్టి గృహస్థుని కచేరీ అరుగుమీద యాచకునివలె కూర్చుండబెట్టుట ఆతనికిని గౌరవము గాదు, ప్రభుత్వమునకును గౌరవము గాదు. నమోదు చేయించుకొనుట ప్రజల బాధ్యత. జాగులేక నమోదు చేసికొనుట సంస్థల బాధ్యత. మొదటిదానిని కోరు హక్కు రెండవదానిని నెఱవేర్చినవారికే కలదు.